మీ కుక్క చెవుల మీద ఈగలు వాలుతున్నాయా?

మామిడిపళ్ళ రోజుల్లో మొదలై, వానలు వెనకపట్టేదాకా ఈగలు కుక్కని వదలవు. తోక విదిలించి, తల దులిపి, గాల్లోకి నోరు తెరిచి పట్టబోయి, చివరికి విసుగొచ్చి మంచం కిందకి దూరుతుంది. అది చూసి చాలామంది చేసే మొదటి పని మందుల షాపుకి వెళ్ళి స్ప్రే అడగడం. నిజానికి అది ఆఖర్న చేయాల్సిన పని. ఈగ పుట్టేది మీ పెరట్లో, వాలేది తడి మీద, గుడ్డు పెట్టేది పుండు మీద. ఈ మూడు చోట్లా దారి మూసేస్తే స్ప్రేతో పెద్దగా పని ఉండదు. మూయకపోతే ఎంత ఖరీదైన స్ప్రే కొట్టినా సాయంత్రానికి మళ్ళీ అదే గుంపు.

వేసవిలో ఇంటి ఈగ గుడ్డు ఒక్క రోజులోపే పొదుగుతుంది. పురుగై, గూడు కట్టి, రెక్కలొచ్చి ఎగరడానికి 7 నుంచి 10 రోజులు. కాబట్టి ఆదివారం ఆదివారం పెరడు కడుగుతున్నాం కదా అంటే సరిపోదు. రెండు ఆదివారాల మధ్య ఒక తరం దాదాపు పూర్తయిపోతుంది. రోజూ చేసే పావుగంట పనికి వారానికోసారి చేసే మూడు గంటల పని సాటి రాదు.

ముందు ఏ ఈగో చూడండి

అన్నీ ఒకటే ఈగలు కావు. వాటికి తగ్గట్టు పని మారుతుంది.

మామూలు ఇంటి ఈగ కుట్టదు. కంటి పుసి, మూతి తడి, గిన్నెలో మెతుకులు, గాయం మీది రసి నాకడానికి వస్తుంది. చిరాకు పెడుతుంది, రోగాలు మోస్తుంది.

రెండోది కుట్టే ఈగ. పశువుల పాకల దగ్గర ఎక్కువ. చూడటానికి అచ్చం ఇంటి ఈగలాగే ఉంటుంది, అందుకే ఎవరూ గుర్తుపట్టరు. చచ్చినదాన్ని అగ్గిపుల్లతో తిప్పి తల చూడండి. నోటి దగ్గర నల్లటి సూది ముందుకి పొడుచుకొచ్చి ఉంటే ఇదే. ఆడా మగా రెండూ రక్తం తాగుతాయి. పశువులకి కాళ్ళ మీద, కుక్కకి చెవి కొసల మీద కుడతాయి. పగటి పూటే వస్తాయి, తాగాక పోయి ఎండ పడే గోడ మీద వాలతాయి. పేడా మూత్రమూ కలిసి కుళ్ళిన గడ్డిలో పెరుగుతాయి. మీ ఇంట్లో పశువులు లేకపోయినా పక్కింటి పాక చాలు.

మూడోది కుక్క ఈగ. గోధుమ రంగులో, నొక్కి చదును చేసినట్టు పల్చగా ఉండి, బొచ్చులో ఎండ్రకాయలా అడ్డంగా పరుగెడుతుంది. వేళ్ళ మధ్య నలిపినా చావదు, జారిపోతుంది. మెడపట్టీ కింద, పొట్ట మీద, వెనక తొడల మధ్య దాక్కుంటుంది.

నాలుగోది మెరిసే పచ్చ, నీలి రంగు ఈగ. మాంసం కొట్టు దగ్గర కనిపించే జాతి. గాయాల్లో పురుగులు పడేది ఎక్కువగా వీటివల్లే. ఇవి ఒకటో రెండో కుక్క చుట్టూ పదేపదే తిరుగుతున్నాయంటే ఒంటి మీద ఎక్కడో పుండు ఉంది, మీ కంటపడలేదు. వెంటనే వెతకండి.

ఒక్కోసారి ఈగే లేకుండా కుక్క గాల్లోకి నోరు తెరిచి పడుతుంటుంది. అది వేరే జబ్బు. మూర్ఛలోనో కడుపు సమస్యలోనో అలా చేస్తాయి. ఫోన్లో వీడియో తీసి డాక్టరుకి చూపించండి, ఈగల మందు కొనకండి.

చెవి కొసలు

జర్మన్ షెపర్డ్ లాంటి నిక్కబొడిచిన చెవుల కుక్కలకి కొసల్లో, లాబ్రడార్, బీగిల్ లాంటి వేలాడే చెవులకి మడత దగ్గర కుడతాయి. ముందు సూది మొనంత రక్తపు చుక్కలు, తర్వాత నల్లటి పక్కు, ఆ మీద బొచ్చు ఊడటం. పక్కు కింద తడి ఉంటే ఇంకా ఈగలొస్తాయి. కుక్క తల విదిలిస్తుంది, పక్కు చిట్లి రక్తం వస్తుంది, ఆ వాసనకి మరో గుంపు. ఈ గొలుసు తెంపడమే వైద్యం.

పొద్దు వాలాక, ఈగలు తగ్గినప్పుడు మొదలుపెట్టండి. కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్ళలో మెత్తటి నూలు గుడ్డ ముంచి, చెవి కొస మీద 5 నిమిషాలు అదిమి పట్టుకోండి. పక్కు మెత్తబడి దానంతటదే వస్తే రానివ్వండి, రాకపోతే మర్నాడు చూద్దాం. గోటితో గిల్లితే కింద పచ్చి చర్మం లేస్తుంది. తర్వాత 5 శాతం పోవిడోన్ అయోడిన్ ద్రావణాన్ని ఒక వంతుకి పది వంతుల నీళ్ళు కలిపి, పల్చటి డికాషన్ రంగులోకి తెచ్చి, దూదితో తుడవండి. సీసాలోంచి నేరుగా పోస్తే మండుతుంది. పూర్తిగా ఆరనివ్వండి.

పచ్చిగా ఉన్న చోట డాక్టరు రాసిన ఆయింట్‌మెంటే పూయాలి. ఇంట్లో మనుషుల దురదకి తెచ్చిన స్టెరాయిడ్ క్రీము ఉంటుంది కదా అని రాయకండి. దురద తగ్గినట్టే కనిపిస్తుంది, పుండు మానడం ఆలస్యమవుతుంది. దెబ్బ లేని అంచుల మీద మాత్రం పెట్రోలియం జెల్లీ పల్చగా, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పూయండి. అది ఈగని చంపదు, కానీ చర్మానికీ ఈగకీ మధ్య అడ్డుగా ఉంటుంది. వేపనూనె వాడాలనుకుంటే చెంచాడు నూనెకి పది చెంచాల కొబ్బరినూనె కలపండి. ముందు తొడ లోపలివైపు చుక్క రాసి ఒక రోజు చూసి, ఎర్రబడకపోతేనే చెవికి. పచ్చి పుండు మీద వేపనూనె వద్దు. ఏది పూసినా ఆ తర్వాత పావుగంట కుక్క దాన్ని గోకకుండా, పంజాతో తుడిచి నాకకుండా ఏదో పని పెట్టండి. అన్నం పెట్టే వేళకి ముందు పూస్తే సులువు.

నాలుగైదు రోజుల్లో కొసలు ఎండాలి. ఎండకపోతే, రెండు చెవుల అంచులూ పొట్టు రాలుతూ విపరీతంగా దురద పెడుతుంటే అది ఈగ కాకపోవచ్చు, గజ్జి కావచ్చు. చెవి అంచుని మడిచి వేళ్ళతో మెల్లగా రుద్దండి. వెనక కాలు గోకుతున్నట్టు గాల్లో ఆడిస్తే గజ్జి అనుమానం బలపడుతుంది. అప్పుడు ఎన్ని ఈగల్ని తోలినా ప్రయోజనం లేదు.

వేలాడే చెవుల కుక్క తల విదిలించీ విదిలించీ ఒక్కోసారి చెవి బూరెలా ఉబ్బుతుంది. లోపల రక్తనాళం చిట్లి రక్తం చేరిందన్నమాట. సూదితో పొడిచి తీయకండి, మళ్ళీ నిండుతుంది, చీము కూడా పడుతుంది. ఆసుపత్రికే తీసుకెళ్ళాలి.

పెరడు, మరుగు, కుప్ప

కుక్క మలం రోజుకి రెండుసార్లు ఎత్తండి. పొద్దున ఒకసారి, చీకటి పడకముందు ఒకసారి. పాత తట్ట, రేకు ముక్క చాలు. ఎత్తినదాన్ని గోడ అవతలికి విసిరితే ఈగలు గోడ దూకి రావా? కవరులో ముడి కట్టి చెత్తబండికి ఇవ్వండి, లేదా అడుగు లోతు గుంత తీసి పూడ్చి పైన మట్టిని కాలితో తొక్కి గట్టి పరచండి. పైపైన మట్టి చల్లితే లోపల పురుగు పెరుగుతూనే ఉంటుంది, మట్టి చీల్చుకుని ఈగ బయటికొస్తుంది.

మూత్రం పోసే చోటు గచ్చయితే నీళ్ళు నిలవకుండా వాలు ఉండాలి. మీటరు పొడవుకి 2 సెంటీమీటర్ల వాలు సరిపోతుంది. ఆ వాలు లేని గచ్చుని ఎన్నిసార్లు కడిగినా మూలన తడి మిగులుతుంది, ఈగలు ఆ మూలనే ముసురుతాయి. కడిగాక చీపురుతో నీళ్ళు లాగి ఆరబెట్టడం కడగడం కంటే ముఖ్యం.

ఫినాయిల్ వాసన మనకి శుభ్రంగా అనిపిస్తుంది గానీ, తడి ఆరకముందే కుక్క నడిస్తే పాదాలు మండుతాయి, ఆ పాదాలు నాకితే కడుపులోకి పోతుంది. వాడక తప్పదంటే డబ్బా మీద రాసిన కొలతకి మించకుండా నీళ్ళు కలపండి, అరగంట ఆగి మామూలు నీళ్ళతో మళ్ళీ కడగండి, గచ్చు ఆరాకే కుక్కని వదలండి. బ్లీచింగ్ పౌడర్, సున్నం కుక్క తిరిగే చోట చల్లకండి. పాదాలు, ముక్కు ఒరుసుకుపోతాయి. బ్లీచింగ్‌ని బాత్రూం ఆసిడ్‌తో కలపడం ఎప్పుడూ వద్దు. ఆ పొగ మీకూ ప్రమాదమే.

పశువులున్న ఇంట్లో కుక్కని పాక స్తంభానికి కట్టేయడం అలవాటు. కుట్టే ఈగకి అంతకంటే సౌకర్యం లేదు. కుక్కని కనీసం ఇరవై అడుగుల దూరానికి మార్చండి. పాకలో పశువు కింద తడిసిన గడ్డిని వారానికి రెండుసార్లు తీసి ఎండలో పల్చగా పరచండి. ఎండిన గడ్డిలో పురుగు బతకదు. కుప్పగా వదిలేస్తే లోపల వెచ్చగా, తడిగా ఉండి వాటికి పుట్టిల్లవుతుంది. కుడితి తొట్టి చుట్టూ ఒలికిన తవుడు, ఎంగిలి కూడా రోజూ కడగాలి. పక్కింటివాళ్ళదైతే మర్యాదగా అడగండి. వాళ్ళ గేదెల కాళ్ళూ అవే ఈగలు కుడుతున్నాయి, పాలు తగ్గుతాయి. ఆ మాట చెబితే త్వరగా కదులుతారు.

గిన్నె

పొద్దున పెట్టిన పెరుగన్నం మధ్యాహ్నందాకా అక్కడే ఉండే ఇళ్ళే ఎక్కువ. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు ఉంచి, తిన్నా తినకపోయినా గిన్నె తీసేయండి. రెండు మూడు రోజుల్లో కుక్క వేళకి తినడం నేర్చుకుంటుంది. స్టీలు గిన్నె వాడి, ప్రతిసారీ సబ్బుతో కడగండి. గీతలు పడ్డ ప్లాస్టిక్ గిన్నెలో కొవ్వు పట్టుకుని వాసన పోదు.

కోడి కాళ్ళు, తలలు, పేగులు ఉడికించి పెట్టేవాళ్ళు ఆ కడిగిన నీళ్ళు ఎక్కడ పోస్తున్నారో చూసుకోండి. అరటిచెట్టు మొదట్లో పోస్తే అక్కడే పచ్చ ఈగల సంత. తూములోకి పోసి వెనకే ఒక బకెట్ మామూలు నీళ్ళు పోయండి. కుక్క మట్టిలో పూడ్చుకున్న ఎముకలనీ అప్పుడప్పుడు వెతికి పారేయాలి. తిన్నాక మూతి తడిగుడ్డతో తుడవండి, మీసాల బొచ్చు ఎక్కువున్న జాతులకి మరీ.

పడక, ఫ్యాను, వల

గోనెపట్టా పడక చవక, కానీ తడి పీలిస్తే వదలదు. రెండు పట్టాలు పెట్టుకుని మార్చి మార్చి వాడండి. వారానికోసారి వేణ్ణీళ్ళలో ఉతికి ఎండలో కరకరలాడేలా ఆరేయాలి. వానాకాలంలో గోనె ఆరదు కాబట్టి ఆ మూడు నెలలు పాత నూలు దుప్పటి ముక్కలు మేలు.

ఈగ గాలికి ఎదురు నిలవలేదు. కుక్క పడుకునే చోటికి టేబుల్ ఫ్యాను పెడితే సగం గొడవ అక్కడే తీరుతుంది. మందు లేదు, వాసన లేదు. గాలి నేల మట్టానికి, కుక్క ఒంటి మీదుగా పోవాలి. వైరు మాత్రం పంటికి అందకుండా గోడ మీదుగా లాగండి. పిల్లలు దేన్నైనా కొరుకుతాయి.

దొడ్లో బోను ఉంటే మూడు వైపులా, పైనా దోమల జాలీ బిగించండి. ఈగకి మామూలు దోమల జాలీ సన్నదనం ఎక్కువే. తలుపు దగ్గర జాలీని అడుగు ఎక్కువ వదిలి ఒకదాని మీద ఒకటి పడేలా వేలాడదీస్తే, తలుపు తెరిచిన ప్రతిసారీ గుంపు లోపలికి రాదు. కుక్క ఈగ ఉన్న ఇంట్లో బోను గోడ పగుళ్ళు సిమెంటుతో పూడ్చాలి. ఆ ఈగ గుడ్లు పెట్టదు. పూర్తిగా ఎదిగిన పురుగునే పగులులో వదులుతుంది, అది కాసేపటికే నల్లటి గింజలా గట్టిపడి అక్కడే ఉంటుంది. ఒంటి మీద ఉన్నవాటిని పేలదువ్వెనతో దువ్వి సబ్బునీళ్ళలో పడేయండి. మెడపట్టీ రోజూ తీసి కింద చూడటం మరవద్దు.

బాటిల్ ఉచ్చు

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తీసుకోండి. పై నుంచి మూడో వంతు దగ్గర కోసి, ఆ పై ముక్కని మూత లేకుండా తలకిందులుగా గరాటులా అదే సీసాలో దించండి. అంచుని టేపుతో మూయండి. అడుగున గ్లాసుడు నీళ్ళు, నిమ్మకాయంత బెల్లం, చేపతలో గుప్పెడు రొయ్య పొట్టో, గిన్నెల సబ్బు నాలుగు చుక్కలు వేయండి. సబ్బు వేయకపోతే ఈగలు నీళ్ళ మీద వాలి తాగి హాయిగా ఎగిరిపోతాయి. సబ్బు కలిస్తే మునుగుతాయి.

ఎక్కువమంది పొరబడేది దాన్ని పెట్టే చోట. కుక్క పక్కనే వేలాడదీస్తే ఊళ్ళో ఈగలన్నిటినీ కుక్క దగ్గరికి పిలిచినట్టే. కుక్కకి ఇరవై అడుగుల అవతల, పెంటకుప్పకీ కుక్కకీ మధ్య, ఎండ పడే చోట, కుక్క నోరు అందని ఎత్తులో కట్టండి. నాలుగు రోజులకోసారి పారబోసి కొత్తది వేయండి. ఈ ఉచ్చులో ఇంటి ఈగలు, పచ్చ ఈగలు పడతాయి. రక్తం తాగే ఈగకి చేపతలతో పనిలేదు, అది పడదు.

పసుపు జిగురు అట్టలు కూడా కుక్క తోక తగలని చోటే. బొచ్చుకి అంటితే వంటనూనె రాసి మెల్లగా విడదీయండి, పెట్రోలు కాదు. షాపుల్లో అమ్మే తియ్యటి ఈగల మందు గుళికలు కుక్కలున్న ఇంట్లోకి తేవద్దు. వాటిలో కొన్ని రకాలు కొద్దిగా నాకినా ప్రాణం తీస్తాయి.

ఒంటికి వేసే మందులు

ఈగని దూరం పెట్టే గుణం పర్మెత్రిన్ ఉన్న స్పాట్ ఆన్ (చర్మం మీద పిండే) మందులకి ఉంది. పిడుదులకి (గోమార్లు అన్నా ఇవే) వాడే ఫిప్రోనిల్, నమిలే మాత్రలు ఈగని వాలకుండా ఆపవు. మాత్ర వేశాం కదా ఇంకా ఈగలేంటి అని అడిగేవాళ్ళకి ఇదే జవాబు.

స్పాట్ ఆన్ కొనేముందు కుక్కని తూచండి. పెట్టె మీద బరువు ప్రకారం సైజులు ఉంటాయి. పెద్ద సైజు కొని రెండు చిన్న కుక్కలకి పంచడం కుదరదు. మెడ వెనక, భుజాల మధ్య బొచ్చుని పాయ తీసి, చర్మం కనిపించాక చర్మం మీదే పిండాలి. బొచ్చు మీద పోస్తే వృథా. ముందూ వెనకా రెండేసి రోజులు స్నానం వద్దు. నెలకోసారి చాలు. 7 వారాలలోపు పిల్లలకి వేయకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే, ముఖ్యంగా కుక్కతో కలిసి పడుకునే పిల్లి ఉంటే పర్మెత్రిన్ వద్దు. పిల్లికి అది విషం.

పశువుల మందుల షాపుల్లో డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ ద్రావణాలు చవగ్గా దొరుకుతాయి. అవి గాఢంగా ఉంటాయి. మూతతో అంచనా వేసి బకెట్లో కలిపి పోసే అలవాటే ప్రమాదం. డాక్టరు మిల్లీలీటర్లలో కొలత చెబితే సిరంజితో కొలిచి కలపండి, లేకపోతే మానేయండి. పోశాక చొంగ కారుతూ, వణుకుతూ, తూలుతుంటే వెంటనే గిన్నెల సబ్బుతో గోరువెచ్చటి నీళ్ళ స్నానం చేయించి ఆసుపత్రికి పరుగెత్తండి.

మనుషులకి రాసే దోమల క్రీములు, టీట్రీ నూనె, కర్పూరం నూనె కుక్కకి పూయకండి. పూసినవన్నీ నాలికకి ఎక్కుతాయి.

పురుగులు పడితే

ఈ భాగం మాత్రం ఒకటికి రెండుసార్లు చదవండి. పిడుదు వదిలిన చిన్న రంధ్రం చాలు, పచ్చ ఈగ అందులో ఒకేసారి వందకి పైగా గుడ్లు పెట్టగలదు. రోజు తిరిగేసరికి పురుగులు. మన దగ్గరి ఒక జాతి పురుగు చచ్చిన మాంసంతో ఆగదు, బతికున్న కండని తింటూ లోపలికి తొలుస్తుంది. తల లోపలికి, తోక బయటికి పెట్టి తోకతో గాలి పీలుస్తుంది. ఐదారు రోజుల్లో అరచేయంత సొరంగం అవుతుంది. బయట మాత్రం రూపాయి బిళ్ళంత రంధ్రమే కనిపిస్తుంది.

గుర్తులు: కుక్క ఒకే చోట ఆపకుండా నాకడం, అక్కడ బొచ్చు తడిసి జడలు కట్టడం, తీపి కలిసిన కుళ్ళు వాసన, ఎర్రటి పల్చటి రసి, చీకట్లోకి వెళ్ళి పడుకోవడం. గాయం అంచున బొచ్చుకి బియ్యపు నూకల్లా తెల్లటి గింజలు గుత్తిగా అంటి ఉంటే అవి ఈగ గుడ్లు. ఆ దశలో దొరికితే మీ అదృష్టం. బొచ్చుతో సహా కత్తిరించి, కడిగేస్తే అక్కడితో పోతుంది.

పురుగులు కనిపిస్తే ఆసుపత్రికి వెళ్ళేలోపు చేయాల్సింది ఇది:

1. మూతికి చున్నీ గుడ్డతో కట్టు వేయండి. ఎంత మంచి కుక్కయినా నొప్పికి కరుస్తుంది. ఆయాసపడుతుంటే, వాంతి చేసుకుంటుంటే మాత్రం కట్టవద్దు. చేతులకి గ్లౌజులు వేసుకోండి.

2. మొన మొద్దుగా ఉన్న కత్తెరతో గాయం చుట్టూ రెండు అంగుళాల మేర బొచ్చు తీసేయండి. పక్కన ఇంకో రంధ్రం ఉందేమో అప్పుడు తెలుస్తుంది. తరచూ ఉంటుంది.

3. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు, అంటే టీ చెంచాతో తలకొట్టి ఒకటిన్నర, కలపండి. సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజితో రంధ్రంలోకి మెల్లగా కొట్టండి. లీటరూ అయిపోయేదాకా కడగండి.

4. పైకి వచ్చిన పురుగుల్ని పట్టకారుతో ఒక్కొక్కటిగా తీసి వేణ్ణీళ్ళలో వేయండి. లాగేటప్పుడు తెంపకండి. తెగిన ముక్క లోపల కుళ్ళుతుంది. టార్చి వెలుగు పడితే లోపలికి పోతాయి కాబట్టి కాసేపు వెలుగు తీసి, ఊపిరికి పైకి వచ్చినప్పుడు పట్టండి.

5. శుభ్రమైన తడి గుడ్డ పల్చగా కప్పి బయల్దేరండి. గట్టిగా కట్టు కట్టేస్తే లోపల పురుగులు మిగిలి ఇంకా లోతుకి తొలుస్తాయి.

కలరా ఉండల పొడి కూరడం, కిరోసిన్, పెట్రోలు, ఇంజిన్ ఆయిల్ పోయడం చాలా ఊళ్ళలో ఉంది. పురుగులు కొన్ని చస్తాయి, అందుకే ఆ నమ్మకం. కానీ పచ్చి కండలోంచి ఆ విషం రక్తంలోకి పోతుంది, నాకితే కడుపులోకి పోతుంది. టర్పెంటైన్ గుడ్డ పెట్టి పురుగుల్ని బయటికి రప్పించడం పశువైద్యులు చేసే పనే, కానీ వాళ్ళు కొద్ది నిమిషాలే ఉంచి, తీసి, కడిగేస్తారు. ఇంట్లో అది అక్కడే వదిలేస్తారు, కన్నూ చెవీ మర్మాంగమూ అని చూడరు. టాపిక్యూర్, హిమాక్స్ లాంటి గాయాల పైపూత మందులు పశువుల మందుల షాపుల్లో దొరుకుతాయి. లోపల ఎంత లోతుందో డాక్టరు చూశాక, మిగతా రోజుల సంరక్షణకి వాడుకోండి.

ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ షాపువాడు ఇచ్చినా మీరు వేయకండి. పశువులకి తయారైన మందు గాఢత కుక్కకి చాలా ఎక్కువ. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతుల్లో చాలా కుక్కలకి అది మెదడుకెక్కి కోమాలోకి పోతాయి. నొప్పికి పారాసిటమాల్, బ్రూఫెన్, డైక్లోఫెనాక్ కూడా వేయవద్దు. చెవిలో, కంటి దగ్గర, మలద్వారం చుట్టూ పురుగులుంటే ఇంటి వైద్యం ఆలోచనే మానేసి నేరుగా వెళ్ళండి. మత్తు ఇచ్చి శుభ్రం చేయాల్సి ఉంటుంది.

గాయపడ్డ వీధికుక్కకి ఈ పని చేయబోతే కరిచే అవకాశం ఉంది. పంటి గాటు పడితే ధారగా పారే నీళ్ళతో సబ్బు రాసి 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకి వెళ్ళండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి వదిలిన వీధికుక్కల చెవి మీద మొదటి వారం ఈగలు వాలతాయి. దూరం నుంచి గమనిస్తూ ఉంటే చాలు.

ఎవరికి ఎక్కువ కాపలా కావాలి

నడుం పడిపోయి లేవలేని కుక్కలు, మూత్రం ఆపుకోలేని ముసలివి, విరేచనాలైన పొడుగు బొచ్చు కుక్కలు. వీటికి తోక కింద, తొడల మధ్య బొచ్చు పొట్టిగా కత్తిరించి రోజుకి మూడుసార్లు గోరువెచ్చటి నీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. ఈనిన తల్లికి కొన్ని వారాలు మైల కారుతుంటుంది, దాని పడకా పిల్లల బొడ్లూ చూస్తూ ఉండాలి. తల్లినీ పిల్లల్నీ వల లోపలే ఉంచడం మంచిది. జననాంగం దగ్గర కాలీఫ్లవర్‌లా గడ్డ కట్టి రక్తం కారే వ్యాధి మన దగ్గర మామూలే. అది నయం చేయించనంతకాలం ఈగల్ని తోలుతూనే ఉండాలి. ఆపరేషన్ కుట్లు ఉన్న కుక్కకి మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటు తప్పనిసరి. నాకి తడి చేసిన కుట్లే ఈగకి కావాల్సింది.

పురుగులు తీయించి తెచ్చాక మొదటి నాలుగు రోజులు ఉదయం, సాయంత్రం గాయం విప్పి చూడండి. తీసినప్పుడు కంటికి ఆనని చిన్నవి రెండో రోజుకి పెద్దవై కనిపిస్తాయి. అది డాక్టరు పొరపాటు కాదు, మళ్ళీ ఒకసారి చూపిస్తే సరిపోతుంది. కట్టు మార్చేటప్పుడు ఫ్యాను వేసి, కిటికీ జాలీ మూసి, పాత కట్టుని వెంటనే కవరులో ముడి కట్టండి. లోపలి నుంచి గులాబి రంగు కండ నిండుతూ రంధ్రం పూడాలి. పైన చర్మం ముందే మూసుకుపోయి కింద మెత్తగా, వేడిగా ఉంటే లోపల చీము ఉన్నట్టు, అదే రోజు చూపించండి. కొత్త బొచ్చు మొలిచేదాకా పగటిపూట కుక్కని జాలీ ఉన్న గదిలో ఉంచి, నడకకి చీకటి పడ్డాకే తీసుకెళ్ళండి.